ఎంతొస్తే చాలు

"మానేశానంటే ఏమిటే అర్థం? సెలవు పెట్టావా, మానేశావా?" అమ్మ గొంతు కింద వాటా దాకా వినపడేలా ఉంది.

"మానేశానమ్మా. రాజీనామా కూడా ఇచ్చేశాను."

"ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చుగా?"

చిట్టి చెప్పులైనా విప్పకుండా కుర్చీ అంచున కూచుంది, ఎవరింటికో పనిమీద వచ్చినదానిలా.

అక్క కంచాలు పెట్టింది, గ్లాసుల్లో నీళ్ళు పోసింది. ఎక్కడా చప్పుడు కాలేదు. ఆ ఇంట్లో కోపమొస్తే గిన్నెలు విసిరేది అమ్మ. తలుపులు వేసుకునేది చిట్టి. అక్కకి కోపమొస్తే మాత్రం ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. సంగతి ముందే ఫోనులో చెప్పడంతో, ఇవాళ ఆ నిశ్శబ్దం మెట్లెక్కుతుండగానే చిట్టికి తగిలింది.

"ఆ పిల్లల ఆస్పత్రిలో ఎంతిస్తారట?" అమ్మ అడిగింది.

చిట్టి చెప్పింది.

అమ్మ వినపడనట్టు మళ్ళీ అడిగింది. చిట్టి మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పినా జీతం పెరగలేదు.

"క్లినిక్కులో ఇచ్చేదాంట్లో సగం కూడా కాదే అది!"

"కాదు."

"తెలిసే చేరావా? పిల్లలతో బొమ్మలాడితే డబ్బులెవరిస్తారే అని మీ నాన్న నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఇస్తారు నాన్నా, పిల్లల సైకాలజిస్టులకి చాలా గిరాకీ అని వాదించి మరీ చేరావు. ఆయన పోయారు. ఇచ్చేవాళ్ళు దొరికారు. ఇప్పుడేమో నువ్వు వద్దంటున్నావు. కింద ఇంటావిడకి నేను ఏ మొహం చూపించనూ?"

"ముందు ఆవిడకి నా జీతం ఎంతని చెప్పావో గుర్తు తెచ్చుకో."

అమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

జరిగిందేమిటంటే, మేడమీద బట్టలారేస్తూ కింద ఇంటావిడ, "మీ చిన్నమ్మాయికి ఎంతొస్తుందండీ?" అని మాటవరసకి అడిగింది. అమ్మ కూడా మాటవరసకే, ఉన్నదానికి రెండింతలు చేసి చెప్పింది. ఇంటావిడ సంతోషించింది. "అంతొస్తుంటే ఇక మీకేం లోటు!" అంది. ఆ వారంలోనే వాళ్ళాయన వచ్చి అద్దె పెంచి వెళ్ళాడు. లేని జీతానికి ఉన్న అద్దె పెరిగింది. అది చాలదన్నట్టు, ఉన్న జీతం కూడా ఇవాళ ఊడింది.

"ఎందుకు?" అంది అక్క. చిట్టి వచ్చాక అక్క నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

చిట్టి తల ఎత్తింది.

"ఒక పాప ఉందక్కా. జుట్టు తనే పీక్కుంటుంది. మాట్లాడదు. నాలుగు నెలల తర్వాత ఈ మధ్యే నా వైపు చూడ్డం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్నకి పని పోయింది. క్లినిక్కులో గంటకింతని కదా, బాకీ తీరేదాకా పాపని తీసుకురావద్దన్నారు. ఆ గంటకి వాళ్ళు కట్టేదాంట్లో నాకొచ్చేది మూడో వంతు. ఆ మూడో వంతు నేను వదులుకుంటానన్నా ఒప్పుకోలేదు. మిగతా పిల్లల తల్లిదండ్రులకి తెలిస్తే రేటు పడిపోతుందట." చిట్టి గొంతు సవరించుకుంది. "ఆ పాప ఇప్పుడు ఆస్పత్రికి వస్తోంది. అక్కడ ఫీజు లేదు. ఖాళీ ఉందంటే నేనూ..."

"ఊళ్ళో పిల్లలందర్నీ నువ్వే పెంచు," అమ్మ అంది. "ఈ ఇంటిని మీ అక్క మోస్తుంది. ఎలాగూ అలవాటేగా దానికి."

ఆ మాట అమ్మ చిట్టిని పొడవడానికి అంది. తగిలింది అక్కకి.

"చల్లారిపోతున్నాయి, తినండి," అని అక్క వసారాలోకి వెళ్ళి నిలబడింది. తనకోసం పెట్టుకున్న కంచం అలాగే ఉండిపోయింది.

*

లాండ్రీలో ఎప్పుడూ ఉండే ఆవిరే. అక్కకి మాత్రం మర్నాడు ఊపిరాడనట్టుగా ఉంది.

ఆస్పత్రుల నుంచీ లాడ్జీల నుంచీ వచ్చే దుప్పట్లు ఉతికాక, వేడి రోలర్ల మధ్య నుంచి కాలుతూ బయటికొస్తాయి. అక్కడ ఇద్దరేసి ఆడవాళ్ళు నిలబడతారు. చెరో రెండు కొసలు పట్టుకుని లాగాలి. ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. వెనక్కి జరిగి మళ్ళీ కలపాలి. అంత దుప్పటీ చంకలో పట్టేంత అయ్యేదాకా అదే నడక. చిట్టి కాలేజీలో చేరినప్పటి నుంచి అక్క ఈ నడక నడుస్తూనే ఉంది. ఎంత నడిచినా ఆ షెడ్డు దాటి ఎక్కడికీ పోలేదు.

అక్కకి ఎదురుగా కొసలు పట్టే మనిషిని అందరూ పొట్టి వదిన అంటారు. వయసుతో పనిలేకుండా ఆ షెడ్డులో అందరికీ ఆవిడ వదినే.

"మీ చెల్లెలు డాక్టరుగారు మూటలు తెస్తోందటగా?" అంది పొట్టి వదిన. అమ్మ చెప్పిన జీతం మేడమీద నుంచి లాండ్రీ దాకా వచ్చేసిందన్నమాట.

"డాక్టరు కాదు. సైకాలజిస్టు."

"ఏదైతేనేం, తెస్తోందా లేదా? తెస్తుంటే నువ్వింకా ఇక్కడ ఎందుకు ఉడుకుతున్నావమ్మా?"

అక్క కొసలు కలిపింది. "అలవాటైపోయింది వదినా," అని నవ్వింది. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక తెలిసింది, అది నిన్న అమ్మ అన్న మాటే.

పని దిగాక ఇంటివైపు కాకుండా కళ్ళజోళ్ళ షాపువైపు నడిచింది.

వీధి చివర ఇరుకు షాపు అది. అద్దాలాయన వెనక బల్ల దగ్గర కూచుని, కంటికి చిన్న భూతద్దం తగిలించుకుని ఎవరిదో ఫ్రేము బిగిస్తున్నాడు. ఆయన తల ఎత్తకుండానే, "వదులైందా?" అన్నాడు.

"కొంచెం."

ఆ కళ్ళజోడు అంత తరచుగా వదులయ్యే రకం కాదు. ఆ సంగతి అమ్మిన ఆయనకీ తెలుసు, కొన్న ఈవిడకీ తెలుసు.

మొదటిసారి వచ్చినప్పుడు, లాండ్రీ ఆవిరికి అద్దాలు మసకబారుతున్నాయని చెప్పింది. ఆయన కొత్తది చూపించి, తనే తొడిగి, రెండు చెవుల వెనకా వేలితో సర్ది, "ఇక్కడ పట్టేస్తోందా?" అని అడిగాడు. పట్టేయలేదు. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాళ్ళిద్దరి మధ్యా తాకడం అంటే అంతే. కళ్ళజోడు తొడిగేటప్పుడు చెవి వెనక ఆగే రెండు వేళ్ళు.

ఆయన పెళ్ళి మాట అడిగి ఏళ్ళయింది. ఆవిడ కాదనలేదు. ఔననలేదు. వాయిదా వేస్తూ వచ్చింది.

కళ్ళజోడు తీసుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఆయన అన్నాడు. "రోడ్డు వెడల్పు చేస్తారట. ఈ వరసంతా తీసేస్తున్నారు."

"ఈ షాపు కూడానా?"

"దీన్నొక్కదాన్నీ నడిరోడ్డు మీద వదిలేయరుగా." నవ్వబోయి మానేశాడు. "అన్నయ్య ఓడరేవు ఊరికి రమ్మంటున్నాడు. అక్కడి తన కళ్ళజోళ్ళ షాపు నన్ను చూసుకోమని. ఆయనకి చూపు తగ్గింది. కళ్ళజోళ్ళమ్మేవాడికే చూపు ఆనకపోతే ఎవరు కొంటారు? నెలాఖరుకి వెళ్ళాలి."

అక్క కౌంటరు అంచు పట్టుకుంది. కళ్ళజోడు లేక షాపంతా అలుక్కుపోయినట్టుంది. ఆయన మొహం కూడా.

"మీ చిట్టికి జీతం పెరిగిందని చెప్పారు పోయినసారి."

"తగ్గింది. నిన్న."

ఆయన చాలాసేపు ఆ ఒక్క అద్దాన్నే తుడిచాడు.

"నేనింకో మాట అడగను," అన్నాడు చివరికి. "అడిగినప్పుడల్లా మీరు ఇంకో మెట్టు చూపిస్తున్నారు. చదువవనీ అన్నారు. ఉద్యోగం రానీ అన్నారు. జీతం పెరగనీ అన్నారు. మెట్లెక్కడానికి నాకేం బాధ లేదు. పైన ఇల్లనేది ఉందో లేదో చెప్పండి, చాలు."

"ఉంది," అందామనుకుంది.

ఆయన లేచి, కౌంటరు మీదుగా వంగి, కళ్ళజోడు తొడిగాడు. వేళ్ళు ఎప్పటికన్నా ఒక్క క్షణం ఎక్కువ ఆగాయి.

"నీకు రావాలని ఉందా?" అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి 'నువ్వు' అన్నాడు. "కుదురుతుందా అని కాదు. ఉందా అని."

అక్క జవాబు చెప్పకుండా షాపు దిగింది.

దారిపొడుగునా జవాబు చెబుతూనే నడిచింది. ఉంది. రేవు ఊరి షాపు వెనక ఒక గది ఉందనీ, కిటికీ తెరిస్తే ఓడల కూతలు వినపడతాయనీ ఆయన ఎప్పుడో చెప్పాడు. ఆ గదిని ఆవిడ మనసులో ఎన్నిసార్లు సర్దిందో! రెండు కుర్చీలు. ఒక పొయ్యి. గోడకి ఒక మేకు, దానికి తన సంచీ. "పెద్దదానా, ఎక్కడ చచ్చావు?" అని ఎవరూ పిలవని సాయంత్రం. పనిలేక ఊరికే కూచునే సాయంత్రం. అంతకుమించి ఆ గదిలో ఏదీ పెట్టుకోలేదు. ఎక్కువ పెట్టుకుంటే దక్కదేమోనని భయం.

*

మర్నాడు మధ్యాహ్నం నుంచి సెలవు అడిగి పిల్లల ఆస్పత్రికి వెళ్ళింది. దారిలోనే మాటలు కూర్చుకుంది. నువ్వు క్లినిక్కుకి తిరిగి వెళ్ళు. బతిమాలో బామాలో వెళ్ళు. నాకోసం వెళ్ళు.

'నాకోసం' అనే మాట దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ తడబడింది.

పొడుగాటి వరండా. గోడ మీద ఎవరో ఎప్పుడో వేసిన జిరాఫీకి మెడ సగం రంగు రాలిపోయింది. బెంచీల మీద తల్లులు, ఒళ్ళో పిల్లలు. చిట్టి గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల చిట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. ఎదురుగా టోపీ పెట్టుకున్న చిన్న పాప. మధ్యలో చెక్క ముక్కలు. పాప ఒక ముక్క పెట్టింది. చాలాసేపటికి చిట్టి ఒకటి పెట్టింది. మళ్ళీ ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. పాప మరో ముక్క తీసుకుని, పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని చూస్తోంది. చిట్టి తొందరపెట్టలేదు. ఇంట్లో అన్నిటికీ ముందే మాట అందించే చిట్టి, ఆ పిల్ల చెయ్యి కదిలేదాకా అలా ఉండిపోయింది.

బెంచీ మీద ఉన్నామె పక్కకి జరిగి అక్కకి చోటిచ్చింది. "మీ పిల్లకా?"

"కాదు. ఆ లోపలున్న పాప..."

"మాదే."

"ఏం చేస్తుందండీ ఆవిడ?" అని అక్క అడిగింది. తన సొంత చెల్లెలి గురించి.

"ఏం చెయ్యదండీ. ఊరికే కూచుంటుంది." ఆమె తలుపు వైపు చూసింది. "మా పిల్ల ఎవరి దగ్గరికీ వెళ్ళదు. ఈవిడ దగ్గరికంటే మాత్రం తనే చెప్పులు తొడుక్కుంటుంది."

చిట్టి బయటికొచ్చి, అక్క మొహం చూసి గతుక్కుమంది. "అమ్మకేమైనా..."

"ఏం కాలేదు. నేనే వచ్చాను."

మెట్ల మలుపు దగ్గర ఎవరూ లేరు. ఇద్దరూ మెట్టు మీద కూచున్నారు.

"చిట్టీ, నువ్వు మళ్ళీ ఆ క్లినిక్కుకి వెళ్ళు."

చిట్టి ఎందుకని అడగలేదు. మోకాళ్ళు చుట్టుకుని, అక్క వైపు కాస్త తిరిగి, ఊరికే కూచుంది. కింద ఎవరో స్ట్రెచరు తోసుకుపోతున్న చప్పుడు వచ్చి, దూరమైంది. చిట్టి అలాగే కూచుంది.

"నీ విద్య నా దగ్గర చూపించకు," అంది అక్క విసుగ్గా.

"ఏం విద్య?"

"అదే. ఏమీ అడక్కుండా కూచోడం."

"అడిగితే చెప్తావా?"

"అడిగి చూడవే! నీకు జ్వరమొస్తే నేనడిగాను. పరీక్ష పోతే నేనడిగాను. నీ ఫీజు, నీ బస్సు, నీ చెప్పులు, అన్నీ నేనే అడిగాను. నీకేం కావాలక్కా అని నువ్వొక్కసారైనా అడిగావా? ఆ పాప పట్టుమని నాలుగు నెలలు మాట్లాడకపోతే అందరూ హడలిపోయారు. నేను ఇన్నేళ్ళుగా మాట్లాడలేదు. అక్క నెమ్మదస్తురాలు అన్నారంతే."

చిట్టి మొహం పాలిపోయింది. చిన్నప్పటి గొంతుతో అడిగింది. "నీకేం కావాలక్కా?"

అప్పుడు చెప్పింది. ముక్కలు ముక్కలుగా. ముందు రోడ్డు వెడల్పు సంగతి, తర్వాత రేవు ఊరు, తర్వాతెప్పటికో ఆయన.

"మన వీధి చివర అద్దాలాయనా?"

"ఊఁ."

"నీ కళ్ళజోడు అస్తమానం వదులవుతుంటే నాసిరకం కొన్నావనుకున్నానక్కా." చిట్టి ఆ కళ్ళజోడు వైపు చూసింది. "వేరేది కొనుక్కోమని తిట్టాను కూడా."

అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది. ఏది తుడుచుకోవాలో తెలియలేదు.

"రేపే వెళ్తాను క్లినిక్కుకి," అంది చిట్టి. "కాళ్ళు పట్టుకునైనా చేరతాను."

"మరి ఆ పాప?"

చిట్టి వరండా వైపు చూసింది.

"పోనీ ఒక్కటి చెప్పు. చదువుకున్నదానివి. నీకెంతొస్తే నేను వెళ్ళొచ్చు? అంకె చెప్పు నాకు. ఆయనకీ అదే చెప్తాను, ఇంత రావాలి, అప్పుడొస్తానని."

చిట్టి గోడకేసి చూస్తూ లెక్క వేసుకుంది. అద్దె, అమ్మ మందులు, కరెంటు, నెల సరుకులు. వేలు మడిచింది, తీసింది, మళ్ళీ మడిచింది.

"అక్కా," అంది మెల్లిగా. "చిన్న వాటాకి మారితే ఇప్పుడొచ్చే జీతంతో గడిచిపోతుంది. నీ డబ్బు లేకపోయినా. ఇరుకే. కానీ గడుస్తుంది."

"అంటే క్లినిక్కులో వచ్చినప్పుడు?"

"అప్పుడైతే బాగానే గడిచేది."

అక్కకి ఇన్నేళ్ళూ భుజం ఆన్చి తోస్తున్న తలుపుకి అటువైపు గడియే లేదని ఎవరో చెప్పినట్టయింది. మరి ఎందుకు తెరుచుకోలేదు?

*

ఆ సాయంత్రం అక్కే అడిగింది, అమ్మ మందు బిళ్ళ చేతిలో పెట్టి, నీళ్ళందిస్తూ.

"అమ్మా, చిట్టికి ఎంతొస్తే నన్ను వెళ్ళనిస్తావు?"

"ఎక్కడికి?"

చెప్పింది. అమ్మ బిళ్ళ మింగలేదు. అద్దాలాయన పేరెత్తగానే ఆశ్చర్యపోలేదు కూడా. అది చిట్టి గమనించింది.

"నీకు తెలుసా అమ్మా?" అంది చిట్టి.

"కన్నతల్లిని. కళ్ళజోడు రిపేరుకని తల దువ్వుకుని వెళ్తుందా ఎవరైనా?"

"తెలిసీ ఊరుకున్నావా?"

"అదే ఊరుకుంటే నేనెందుకు కదుపుతాను?" అమ్మ గయ్యిమంది. వెంటనే ఆ గొంతు జారిపోయింది. "దీనికి మందుల వేళ తెలుసా పెద్దదానా? రాత్రి నాకు పిక్కలు పట్టేస్తే ఎవరు లేస్తారు? దీన్ని లేపాలంటే ఇల్లు కూలాలి. నాకు పుల్లటిది పడదని దీనికి తెలుసా? మీ నాన్న గుర్తొచ్చినప్పుడు నేనెలా ఉంటానో తెలుసా?"

ఒక్కొక్కటే చెప్పుకుపోయింది అమ్మ. అక్క వింది. అందులో ఎక్కడా జీతం లేదు. చిట్టికి కుండలతో బంగారం కురిసినా తీరని లోట్లే అన్నీ.

"ఎంతొచ్చినా చాలదన్నమాట," అంది అక్క.

అమ్మ బిళ్ళ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గ్లాసు వెనక్కిచ్చింది. గోడ వైపు తిరిగి పడుకుని అంది. "ఆదివారం అతన్ని ఇంటికి రమ్మను. నేను మాట్లాడాలి."

ఆ మాటలో తీపి ఉందో చేదు ఉందో ఇద్దరికీ తెలియలేదు. దీపం తీసేశాక చిట్టి చీకట్లో చెయ్యి చాపింది. అక్క ఆ చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ఉరుములకి భయపడి చిట్టి పట్టుకునే చెయ్యే అది. ఈసారి భయం అక్కది.

*

ఆదివారం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో పండ్ల సంచీతో వచ్చాడు. గుమ్మంలో తల వంచనక్కర్లేకపోయినా వంచాడు.

"కూచో బాబూ," అంది అమ్మ.

ఆయన కూచున్నాడు. చిట్టి గోడవారగా నిలబడింది. అక్క టీ కప్పులు పెట్టి వంటింటి గుమ్మంలో ఆగింది. షాపులో కౌంటరుకి అటు ఇటు చూసుకున్న మనుషులు, ఇంట్లో ఒకరినొకరు చూసుకోలేకపోయారు.

అమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. అన్నయ్య ఎలాంటివాడు, వదినకి నోరెంత, ఊరెంత దూరం. ఆయన దాచకుండా చెప్పాడు. మాట్లాడుతూనే అమ్మ ముక్కు మీద పక్కకి ఒరిగిపోయిన కళ్ళజోడు చూసి ఉండబట్టలేక, "ఒక్కసారి ఇటివ్వండి," అని తీసుకున్నాడు. కాడ కొంచెం వంచి, చూసి, మళ్ళీ వంచి ఇచ్చాడు. అమ్మ పెట్టుకుంది. గదంతా ఓసారి తిరిగి చూసింది.

"సూటిగా ఉంది," అంది. ఆ ఇంట్లో అమ్మ నోటి నుంచి మెచ్చుకోలు వచ్చి ఎన్నాళ్ళయిందో.

అక్క గుండెల్లో ఏదో కదిలింది. ఓడ కూత లాంటిది.

"అక్కడ ఇల్లు పెద్దదేనా బాబూ?"

"ఇల్లంటే... షాపు వెనక ఒక గదండి. పక్కన చిన్న వంటగది."

"గది చాలు," అంది అమ్మ. "వంటగదిలో నాకో మంచం పడుతుంది. చిట్టి ఎలాగూ ఆస్పత్రి దగ్గర ఎక్కడో హాస్టల్లో చేరుతుంది, దానికీ ఖర్చు తగ్గుతుంది. నేను పెద్దదానితో వస్తాను. నా మందులన్నీ దానికే తెలుసు. ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఏమంటావు?"

అమ్మ మొహం వెలిగిపోతోంది. రెండు రోజులుగా గోడ వైపు తిరిగి ఆలోచించి కనిపెట్టిన దారి అది. అందులో కపటం లేదు.

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. కాదనే మనిషి కాదు. ఆ ఒక్క గదిలో మరో మనిషికి చోటు చేయడానికి ఆయన మనసులో అప్పుడే బల్లలు జరుపుతున్నాడని అక్కకి తెలిసిపోయింది. ఆయన తలెత్తి గుమ్మం వైపు చూశాడు. షాపులో అడిగిన ఆ ప్రశ్నే, నోరు మెదపకుండా మళ్ళీ అడిగాడు.

చిట్టి ఏదో అనబోయి, పెదవి కొరుక్కుని ఆగిపోయింది. ఆ పాప ముందు ఆగినట్టే ఆగింది.

అక్క గుమ్మం చెక్క పట్టుకుంది. ఔననడం తేలిక. ఊఁ అంటే చాలు, పెళ్ళవుతుంది, ఊరు మారుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ గదిలో గోడకి కొట్టిన మేకుకి మాత్రం అమ్మ సంచీ వేలాడుతుంది. "పెద్దదానా, ఎక్కడ చచ్చావు?" అనే పిలుపు ఓడల కూతల మధ్య నుంచి కూడా వినపడుతుంది.

"వద్దమ్మా," అంది అక్క.

మెల్లిగానే అంది. అయినా గది గదంతా దిమ్మెక్కిపోయింది. కింద వాటాలో ఎవరో కుళాయి కట్టేశారు. ఆ చప్పుడు ఆగడం కూడా వినపడింది.

అమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉంది, తీయడం మరిచిపోయినట్టు. పెద్దకూతురి నోట ఆ మాట ఆవిడ ఎన్నడూ వినలేదు. నిజంగానే వినపడలేదనుకుందో ఏమో, కుర్చీలో ముందుకు వంగి, చెవి ఇటు పెట్టింది.

"ఏమన్నావే?" అంది. "మళ్ళీ చెప్పు."

మొదటిసారి ఆ మాట దానంతటదే జారిపోయింది. ఇప్పుడు కావాలని అనాలి. ఆ ముసలి కళ్ళలోకి సూటిగా చూస్తూ అనాలి.

అక్క గుమ్మం వదిలి, గది మధ్యకి వచ్చింది.